క్రాప్ బటన్ లేని కాలంలో ఫ్రేమ్ గీసిన ఇంజినీర్.. నిజాం ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కథ ఇదీ!

చార్మినార్ ముందు నిలబడి, మొత్తం కట్టడం ఫ్రేములో పట్టాలని ఫోన్ కాస్త పైకి ఎత్తి ఓ ఫొటో తీయండి. మినార్లు లోపలికి వాలిపోయినట్టు వస్తాయి. ఇప్పుడు 19వ శతాబ్దం చివర్లో రాజా దీన్‌దయాళ్ తీసిన కట్టడాల ఫొటోలు వెతికి చూడండి. గోడలు, స్తంభాలు స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా నిలబడి ఉంటాయి. ఫిల్టర్ లేదు, ఎడిటింగ్ యాప్ లేదు. చెక్క కెమెరా, మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డ, గాజు పలక.. అంతే!

మరి తేడా ఎక్కడ వచ్చింది? మొదటి కారణం చాలా సింపుల్. కెమెరా వెనుక భాగం గోడకు సమాంతరంగా ఉన్నంతసేపు గీతలు నిటారుగానే వస్తాయి. కెమెరాను పైకి వంచితే వాలిపోతాయి. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో బాడీని వంచకుండా, లెన్స్ బిగించిన ముందు పలకను మాత్రమే పైకి జరుపుకునే ఏర్పాటు ఉండేది. అది తెలిసి వాడితే మినార్ మొత్తం వస్తుంది, వంగదు. రెండో కారణం ఆ కెమెరా వెనకాల ఉన్న మనిషి. ఆయన కెమెరా పట్టడానికి చాలా ముందే స్కేలు, పెన్సిల్ పట్టారు. భవనాన్ని అందమైన దృశ్యంగా కంటే ముందు కొలతలుగా, గీతలుగా చూడటం నేర్చుకున్నారు. ఆయన ఫొటోల రహస్యమంతా అక్కడే ఉంది. వాటిలో ఇబ్బంది పెట్టే విషయం కూడా అక్కడే ఉంది.

నగల వ్యాపారుల ఇంట్లో పుట్టి.. డ్రాఫ్ట్స్‌మన్‌గా

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు. నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. కుర్రాడు మాత్రం దుకాణంలో కూర్చోలేదు. రూర్కీలోని థామసన్ కాలేజీ ఆఫ్ సివిల్ ఇంజినీరింగ్‌లో చేరారు. ఇప్పటి ఐఐటీ రూర్కీకి అదే మూలం. చదువు పూర్తయ్యాక 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఆఫీసులో ఉద్యోగం. పని ఏంటంటే ఎస్టిమేట్లు వేయడం, నక్షాలు గీయడం.

ఈ ఉద్యోగాన్ని ఒక్క లైనులో దాటేస్తే మిగతా కథ అర్థం కాదు. డ్రాఫ్ట్స్‌మన్ ఒక గోడను చూస్తే దాని ఎత్తెంత, వెడల్పెంత, కిటికీకీ కిటికీకీ మధ్య ఎంత దూరం అన్నదే మొదట కంటికి తగులుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే భవనం ముఖం ఎలా ఉంటుంది, మూల నుంచి చూస్తే రెండు గోడలు ఎలా వెనక్కి పరుగెత్తుతాయి, ఆ గీతలు దూరంగా ఎక్కడ కలుస్తాయి.. ఇవన్నీ కాగితం మీద రోజూ గీసే లెక్కలు. ఆర్ట్ స్కూల్లో దీన్నే పర్‌స్పెక్టివ్ అని నేర్పిస్తారు. దీన్‌దయాళ్‌కి అది నెల జీతం తెచ్చిపెట్టే పని.

కెమెరా ఆయన చేతికి వచ్చింది 1870ల మధ్యలో. ముందు సరదాగానే మొదలైంది. ఇండోర్ మహారాజు రెండో తుకోజీ రావు హోల్కర్ ప్రోత్సహించారు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంట్‌గా ఉన్న సర్ హెన్రీ డేలీ వెన్నుతట్టారు. 1875-76లో వేల్స్ యువరాజు భారత్ వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫొటోలు తీసే అవకాశం దక్కింది. ఇండోర్‌లో సొంత స్టూడియో వెలిసింది. ప్రభుత్వ ఉద్యోగం మాత్రం ఇంకా వదల్లేదు.

తలకిందులుగా కనిపించే బొమ్మ

ఆ రోజుల్లో ఒక ఫొటో తీయడం అంటే ఎంత తతంగమో చూడండి. కెమెరా వెనకాల గరుకు అద్దం ఉంటుంది. ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని ఆ అద్దం మీద పడే బొమ్మను చూడాలి. అది తలకిందులుగా కనిపిస్తుంది! రాజుగారి పాదాలు పైన, తలపాగా కింద. కుడి ఎడమలు కూడా తారుమారే.

వినడానికి చిరాగ్గా ఉన్నా, కంపోజిషన్ నేర్చుకునేవాళ్లకి ఇదో వరం. బొమ్మ తిరగబడగానే అది ఎవరి ముఖమో, ఏ కోటో అన్న ధ్యాస పోతుంది. నలుపు ఎక్కడ ఎక్కువైంది, తెలుపు ఎక్కడ పేరుకుంది, ఏ మూల ఖాళీగా ఉంది, ఏ వైపు బరువెక్కింది.. ఇవే కనిపిస్తాయి. బొమ్మలు గీసేవాళ్లు ఇప్పటికీ తమ పెయింటింగ్‌ను తలకిందులు చేసి చూసుకునేది ఇందుకే. దీన్‌దయాళ్‌కి ఆ పాఠం ప్రతి ఫొటోకీ తప్పనిసరి అయ్యింది.

ఇంకో అడ్డంకి ఉంది. అదే అసలైనది. అప్పటి ప్రింట్లు ఎక్కువగా కాంటాక్ట్ ప్రింట్లు. అంటే గాజు నెగెటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెడతారు. నెగెటివ్ ఎంత సైజుంటే ఫొటో అంతే. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద పలకే వాడాలి. మధ్యలో ఉన్న చిన్న ముక్కను తర్వాత పెద్దది చేసుకుందాంలే అంటే కుదరదు. మహా అయితే ప్రింటు అంచులు కాస్త కత్తిరించుకోవచ్చు. ఇవాళ మనం పది ఫొటోలు కొట్టి, ఒకటి ఎంచి, చుట్టూ కోసేసి స్టేటస్‌లో పెడతాం. ఆయనకు ఆ కోత అంతా ముందే, కళ్లతోనే జరిగిపోవాలి. ఎక్కడ నిలబడాలన్న ఒక్క నిర్ణయంలోనే సగం కంపోజిషన్ అయిపోయేది.

మొదట్లో వాడుకలో ఉన్న తడి కొలోడియన్ పద్ధతి అయితే మరీ కష్టం. గాజుపై రసాయనం పూసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, వెంటనే డెవలప్ చేయాలి. కొన్ని నిమిషాల టైమే ఉంటుంది. చీకటి డేరా కూడా వెంట మోసుకెళ్లాల్సిందే. 1880ల నాటికి పొడి పలకలు అందుబాటులోకి రావడంతో ఆ బాధ తగ్గింది. పలకలు పెట్టెల్లో సర్దుకుని దూర ప్రయాణాలు చేయడం వీలైంది. దీన్‌దయాళ్ అంతంత దూరాలు తిరగగలిగారంటే అందులో ఈ మార్పు పాత్ర పెద్దదే.

సాంచి, గ్వాలియర్.. పేరు తెచ్చిన టూర్

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్, మధ్య భారత ప్రాంతాలు తిరిగారు. గ్రిఫిన్ అంటే డేలీ తర్వాత అదే హోదాలో వచ్చిన అధికారి. కోటలు, గుళ్లు, స్తూపాలు.. వరసగా ఫొటోలు. వాటిలో కొన్నింటితో 1886లో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల మీద ఓ పెద్ద పుస్తకం వచ్చింది. రాత గ్రిఫిన్‌ది, ఫొటోలు దీన్‌దయాళ్‌వి.

అప్పటికి భారత్‌ను ఫొటోలు తీసినవాళ్లలో బాగా పేరున్నది ఇంగ్లిష్ ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్‌ది. 1863లో వచ్చి 1870 దాకా ఇక్కడ పనిచేశారు. ఆయన స్టైల్ ఇంగ్లండ్ ల్యాండ్‌స్కేప్ పెయింటింగుల నుంచి వచ్చింది. ముందు నీళ్లు, పక్కన ఒరిగిన చెట్టు, దూరంగా శిథిలమైన కట్టడం. చూడగానే ఆహా అనిపిస్తుంది, కానీ ఆ కట్టడం ఎలా కట్టారో అర్థం కాదు. దీన్‌దయాళ్ కూడా చెట్టునీ నీటినీ వాడుకున్నారు, వదిలేయలేదు. కానీ ఆయన ఫ్రేములో చెట్టు కట్టడాన్ని మింగేయదు. శిల్పం కనబడాల్సిన చోట వెలుగు పక్క నుంచి పడుతుంది. చెక్కడం లోతు నీడతో తెలుస్తుంది. నడినెత్తిన ఎండలో తీస్తే అదే శిల్పం చదునుగా, బిళ్లలా కనిపిస్తుంది. సందేహం ఉంటే మన రామప్ప గుడి ముందు పొద్దున ఏడింటికి ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి ఫొటో తీసి పక్కపక్కన పెట్టుకోవచ్చు.

పెద్ద కట్టడాల ఫొటోల్లో ఒక మనిషిని నిలబెట్టడం, మెట్ల మీద కూర్చోబెట్టడం అప్పటి ఫొటోగ్రాఫర్లకు అలవాటు. దీన్‌దయాళ్ ఫొటోల్లోనూ ఈ మనుషులు కనిపిస్తారు. ఇంజినీర్ భాషలో చెప్పాలంటే ఆ మనిషి ఒక స్కేలు. ఆరడుగుల మనిషి పక్కన ఉంటేనే గుమ్మం ఎంత ఎత్తో తెలుస్తుంది. పేరు అక్కర్లేదు, ముఖం అక్కర్లేదు, ఎత్తు చాలు. ఈ విషయం కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత మళ్లీ పనికొస్తుంది.

హైదరాబాద్‌లో అడుగు

1885లో వైస్రాయ్ లార్డ్ డఫరిన్‌కు ఫొటోగ్రాఫర్‌గా నియామకం దక్కింది. ఇండోర్ ఉద్యోగానికి గుడ్‌బై చెప్పేశారు. ఆ తర్వాత నిజాం రాజ్యానికి వచ్చి సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. అప్పటి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇరవయ్యో పడిలో అడుగుపెడుతున్న కుర్ర రాజు. దీన్‌దయాళ్ ఆయనకంటే 22 ఏళ్లు పెద్ద. ఆస్థాన ఫొటోగ్రాఫర్ పదవి దక్కింది. 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు కూడా! ముసవ్విర్ అంటే చిత్రకారుడు. అంటే ఫొటో తీసేవాడిని బొమ్మ గీసేవాడి పక్కన కూర్చోబెట్టారన్నమాట. నిజాం స్వయంగా ఆయన్ని మెచ్చుకుంటూ ఉర్దూలో కవిత కూడా రాశారు.

1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం మాత్రమే. ఎత్తయిన గోడల లోపల, మగవాళ్లకు ప్రవేశం లేకుండా, మిసెస్ కెనీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళ చేతుల మీదుగా నడిచింది. అప్పటిదాకా బయటి కెమెరా చూడని ఇళ్ల ఆడవాళ్లు సొంతంగా వెళ్లి ఫొటో తీయించుకునే వీలు ఏర్పడింది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలకు అవార్డు. విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంట్. 1896లో బొంబాయిలో మరో పెద్ద స్టూడియో. పదేళ్లలో దీన్‌దయాళ్ పేరు ఒక మనిషి పేరు నుంచి కంపెనీ పేరుగా మారిపోయింది. జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ అనే కొడుకులు, ఇంకా చాలామంది ఉద్యోగులు. అందుకే ఆ స్టాంపుతో ఉన్న ప్రతి ఫొటో ఆయనే తీశారని అనుకోలేం. కానీ వాటన్నిటిలో ఒకే క్రమశిక్షణ కనిపిస్తుంది.

ఆ క్రమశిక్షణ బాగా కనిపించేది ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ ప్యాలెస్‌ల ఫొటోల్లో. హాలు మధ్యలోకి వచ్చి నిలబడటం, ఎడమ ఎన్ని స్తంభాలో కుడీ అన్నే ఉండేలా చూసుకోవడం, నేల మీది గీతలు కంటిని లోపలికి లాక్కెళ్లేలా కెమెరా ఎత్తు సరిచేసుకోవడం.. ఇది సిమెట్రీ. సినిమాల్లో మనకు తెగ నచ్చే షాట్ ఇదే. ఇంట్లో వెలుగు తక్కువ కాబట్టి లెన్స్ చాలాసేపు తెరిచి ఉంచాలి. కదిలేవి ఏవీ ఉండకూడదు. దాంతో ఆ గదులు మనుషులు ఇప్పుడే లేచి వెళ్లిపోయినట్టు, నిశ్శబ్దంగా ఉంటాయి. ఫలక్‌నుమా ఇవాళ హోటల్‌గా బతికే ఉంది. బషీర్‌బాగ్ ప్యాలెస్ మాత్రం లేదు. పేరు ఏరియాకి మిగిలింది, రూపం ఈ గాజు పలకల్లో మిగిలింది. నిటారు గీతల పిచ్చి ఎందుకు అని అడిగేవాళ్లకి ఇదే జవాబు. కూలిపోయిన భవనం ఎలా ఉండేదో ఇవాళ చెప్పగలిగేది కొలతలు తప్పని ఫొటోనే.

మధ్యలో ఎవరు? అంచున ఎవరు?

ఇప్పుడు గ్రూప్ ఫొటోలకు వద్దాం. పెళ్లి స్టేజీ మీద గ్రూప్ ఫొటో తీసే కెమెరామన్ బాధ అందరికీ తెలుసు. పొడుగువాళ్లు వెనక్కి, పిల్లలు ముందుకి, అలిగిన బాబాయి మధ్యలోకి. దీన్‌దయాళ్‌కి ఇదే పని, కాకపోతే అలిగేవాళ్లు వైస్రాయ్‌లు, నవాబులు! ఎవరు కుర్చీలో కూర్చోవాలి, ఎవరు వెనక నిలబడాలి, ఎవరు కింద తివాచీ మీద కూర్చోవాలి అన్నది అందం కోసం తేలే విషయం కాదు. హోదా ముందే తేల్చేసి ఉంటుంది.

ఆ కట్టుబాటు లోపలే ఆయన బొమ్మ కట్టారు. కింద కూర్చున్నవాళ్లు ఒక వరస, కుర్చీలు ఒక వరస, నిలబడ్డవాళ్లు ఒక వరస. మెట్ల మీద పేర్చినట్టు మూడు అంతస్తులు. ముఖ్యుడు మధ్యలో. ఫొటో చూసేవాడి కన్ను ఎటు తిరిగినా చివరికి మధ్యలోకే వస్తుంది. అధికారం ఎవరిదో రాయాల్సిన పనిలేదు, ఫ్రేమే చెప్పేస్తుంది.

వీటిలో తెలుగు నేల మీద తీసిన ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. 1902 ఏప్రిల్. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వైస్రాయ్ లార్డ్ కర్జన్ వేట క్యాంపు. నేల మీద చచ్చిన పులి, వెనక కర్జన్ దంపతులు. పులి అడ్డంగా ఒక గీత, మనుషులు నిలువుగా రెండు గీతలు. లెక్క ప్రకారం తిరుగులేని కంపోజిషన్. ఆ రోజుల్లో బ్రిటిష్ రాజ్ అంటే ఏంటో ఒక్క ఫొటోలో చెప్పాలంటే ఇప్పటికీ చాలామంది దీన్నే వాడతారు. తీసినప్పుడు అది గొప్ప కోసం తీసిన ఫొటో. ఇప్పుడు అదే ఫొటో చూసేవాళ్లకి కన్ను ముందు పులి మీదే ఆగుతోంది. ఫ్రేమ్ మారలేదు, చూసేవాళ్లు మారారు.

వేట అంటే తుపాకీ పట్టినవాళ్లొక్కళ్లే కాదు కదా. అడవిలో డప్పులు కొట్టి జంతువును తరిమేవాళ్లు, ఏనుగుల మావటీలు, డేరాలు మోసేవాళ్లు ఉంటారు. ఇలాంటి క్యాంపు ఫొటోల్లో పనివాళ్లు కనిపించినా పక్కకే. క్యాప్షన్లో పేర్లుండేది మధ్యలో ఉన్నవాళ్లకే. కట్టడం పక్కన స్కేలులా నిలబడ్డ ఆ మనిషి లాగే.

మరీ కష్టమైనవి కరువు ఫొటోలు. 1899-1900లో దక్కన్‌ను పెద్ద కరువు కుదిపేసింది. నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ ప్రాంతం కూడా బాగా దెబ్బతింది. అక్కడి సహాయ చర్యలను దీన్‌దయాళ్ స్టూడియో ఫొటోలు తీసింది. ఆకలితో చిక్కిపోయిన జనం, సాయం అందించే అధికారులు. ఈ ఫొటోల పని కష్టాన్ని చూపించడం కాదు, ప్రభుత్వం ఏం చేస్తోందో చూపించడం. అందుకే ఇక్కడ కూడా అదే చక్కదనం, అదే వరసలు. దర్బారుకు వాడిన కంపోజిషన్‌ను కరువుకూ వాడారు. బొమ్మ ఎంత నీట్‌గా ఉందో అంత ఇబ్బందిగా ఉంటుంది. దాన్ని ఆయన తప్పు అని ఒక్క మాటలో తేల్చేయడం న్యాయం కాదు. ఆస్థాన ఫొటోగ్రాఫర్‌కి డబ్బులిచ్చేది ఆస్థానమే. అలాగని ఆ ఫొటోలను కేవలం అందమైన పాత ఫొటోలని లైక్ కొట్టి వదిలేయడమూ కష్టమే. ఒకటి మాత్రం నిజం. అంచుల్ని మసకబార్చకుండా, పలక మొత్తం షార్ప్‌గా రావాలన్న ఆయన పట్టుదల వల్లే ఆ చివరి వరసలో కూర్చున్న మనిషి ఎముకలు కూడా ఇవాళ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. పేరు రాయలేదు గానీ, ముఖం మిగిలింది.

చివరి ఏళ్లు

1903లో కర్జన్ ఢిల్లీలో జరిపిన దర్బారు ఆయన స్టూడియో చేసిన ఆఖరి భారీ పనుల్లో ఒకటి. ఏనుగుల ఊరేగింపు, సంస్థానాధీశుల వరసలు.. మళ్లీ హోదా లెక్కలే. 1904లో కొడుకు ధరమ్ చంద్ చనిపోయారు. మరుసటి ఏడాది, 1905 జులై 5న బొంబాయిలో దీన్‌దయాళ్ కన్నుమూశారు. జ్ఞాన్ చంద్ స్టూడియోను కొనసాగించారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా వెళ్లిపోయారు. ఈలోగా చేతిలో ఇమిడే కోడాక్ కెమెరాలు వచ్చి, ఎవరి ఫొటోలు వాళ్లే తీసుకోవడం మొదలైంది. మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డల కాలం ముగిసింది.

గాజు పలకలు మాత్రం చాలావరకు నిలిచాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2006లో ఆయన పేరిట తపాలా బిళ్ల వచ్చింది. 2013లో కెనడాలోని రాయల్ ఒంటారియో మ్యూజియం ఆయన ఫొటోలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

ఈ ఫొటోలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నాయి. చిక్కేంటంటే సోషల్ మీడియా పోస్టుల్లో వాటిని నిలువు స్క్రీన్‌కు సరిపడా రెండువైపులా కోసేస్తున్నారు. మధ్యలో నిజామో, వైస్రాయో మిగులుతున్నారు. గొడుగు పట్టినవాడు, గుర్రం పగ్గం పట్టినవాడు, మెట్ల చివర కూర్చున్నవాడు ఎగిరిపోతున్నారు. మ్యూజియం, లైబ్రరీ సైట్లలో పలక మొత్తం ఉంటుంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పి, వేళ్లతో జూమ్ చేసి, అంచుల నుంచి చూసుకుంటూ మధ్యలోకి రావచ్చు.